గట్టు మీద సైకిలు బావ

సైకిలు బావ అనే మనిషి ఇప్పుడు దాదాపు ప్రతి గోదావరి కుటుంబంలోనూ ఒకడు తేలుతున్నాడు. హైదరాబాదులో ఉద్యోగం, నలభై దాటిన వయసు, కొలెస్టరాల్ రిపోర్టు చూసి డాక్టరు వేసిన కసురు, ఆ కసురు మీద కొన్న ఓ సైకిలు. ఇవన్నీ కలిస్తే బావ తయారు. మా బావ ఆ సైకిలు ధర అక్కయ్యకి ఒకటి చెబుతాడు, స్నేహితులకి ఒకటి చెబుతాడు. రెండింటికీ మధ్య తేడాతో ఓ మామూలు మోటారు సైకిలు వచ్చేస్తుంది.

మొదట్లో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద వేసిన సైకిలు బాటతో సరిపెట్టుకున్నాడు. 2023లో తెరిచినప్పుడు ఆ బాట 23 కిలోమీటర్లు. కొన్నాళ్లకి అందులో లోపాలు కనబడ్డాయి. పక్కనే కార్ల రొద, పైన రేకులు, ఆకాశం లేదు. ఆ తర్వాత బ్రెవేలు పట్టుకున్నాడు. రెండు వందల కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కేయాలి. దాన్ని పందెం అన్నామంటే కోపం వస్తుంది. పందెం కాదట, ఎవరూ గెలవరట, గడువు దాటకపోతే చాలట. ఎవరూ గెలవని దానికి మనిషి తెల్లవారుజామున నాలుగింటికి లేచి హైవే మీద లారీల పక్కన ఎందుకు తొక్కుతాడో మా అక్కయ్యకి ఇంతవరకూ బోధపడలేదు. ఓ రోజు ఓ లారీ చెవి పక్కనే హారను కొట్టింది. ఆ రాత్రి ఇంటికొచ్చి, "ఇక బండ్లు లేని దారిలోనే తొక్కుతాను" అని ప్రకటించాడు.

అప్పట్నుంచీ రాత్రిళ్లు డాన్యూబ్ నది వీడియోలు చూడడం మొదలైంది. జర్మనీలో పస్సావు నుంచి ఆస్ట్రియాలో వియన్నా దాకా నది ఒడ్డునే సైకిలు దారి. వెనకటి రోజుల్లో గుర్రాలు ఓడల్ని ఏటికి ఎదురు లాగిన బాటే చాలాచోట్ల ఇప్పుడు సైకిళ్ల బాట అయింది. "గుర్రం నడిచిన దారిరా అది, ఎత్తుపల్లాలే ఉండవు" అని నిట్టూర్చేవాడు. వీసా ఖర్చు, అక్కయ్య చూపు, ఈ రెండూ లెక్కేసుకుని ఆ నిట్టూర్పుతోనే ఆగిపోయాడు. ఆ వేడిలో ఉపగ్రహ పటం తెరిచి తెలుగు నేలంతా గాలిస్తుంటే దొరికింది కోనసీమ కాలువగట్టు. అమ్మమ్మగారి ఊరి కాలువగట్టు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ దాని మీదే గడిపిన మనిషికి అది ఉపగ్రహం చూపిస్తే గానీ కనబడలేదు.

ఇక ఉపన్యాసం. "ఒరేయ్, 1847లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలెట్టాడు. 1852కి పూర్తి చేశాడు. కాలువలు ఒక్క పంట కోసమే తవ్వించలేదురా, పడవల కోసం కూడా. అందుకే మధ్యలో లాకులు. డెల్టా నేల సముద్రం వైపు మైలుకి ఇంచుమించు అడుగు వాలుతుంది, అంతే. నీళ్లకి అంత వాలు చాలు. నీళ్లు తిన్నగా పోయిన చోట సైకిలు తిన్నగా పోదూ!" ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు, అంతా నిజమే. కాకపోతే చెప్పే తీరు చూస్తే దొరగారు ఈ గట్లన్నీ బావ మోకాళ్ల క్షేమం కోరి వేయించినట్టు ఉంటుంది. డాన్యూబ్ మీద గుర్రాలు చేసిన పని ఇక్కడ మనుషులు చేశారన్న సంగతి ఆయన ఉపన్యాసంలో రాదు. తాడు భుజాన వేసుకుని సరుకు పడవని లాగినవాడు నడిచింది ఈ గట్టు మీదే. వాడికి గేర్లు లేవు, మెత్తటి సీటూ లేదు.

డిసెంబరులో ఓ శుక్రవారం రాత్రి సైకిలు విప్పి, పెట్టెలో పెట్టి, రాజమండ్రి రైలెక్కాడు బావ. తెల్లారి ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక దగ్గర కాలువగట్టు పట్టుకున్నాడు. ఒంటి మీద చిలకపచ్చ జెర్సీ. వెనకాల మెత్త కుట్టిన బిగుతు నిక్కరు. పుట్టగొడుగు లాంటి హెల్మెట్టు. నేల మీద నడిస్తే టకటకలాడే బూట్లు. హ్యాండిలు మీద వేగం, దూరం, గుండెదడ చూపించే చిన్న పెట్టె. కాలువ నిండా నీళ్లు, అటు కొబ్బరి తోటలు, ఇటు అరటి తోటలు, కనుచూపు మేరలో ఒక్క లారీ లేదు. పెట్టెలో సగటు వేగం ఇరవై ఆరు. బావకి కళ్లు చెమర్చాయని తర్వాత ఆయనే చెప్పాడు. ఆ సగటు ఎంతసేపు నిలిచిందో మాత్రం చెప్పలేదు.

మొదటి ఆటంకం టీ బడ్డీ.

"ఆయ్! బండేవైనా ఆగిపోయిందాండీ?"

"లేదండీ. సైకిలు మీదే వచ్చాను."

"అది కనబడతానే ఉందండి. ఎంతెట్టి కొన్నారండీ ఇది?"

బావ స్నేహితులకి చెప్పే ధర చెప్పాడు. బడ్డీ దగ్గరున్న నలుగురూ లేచి సైకిలు చుట్టూ ఓ ప్రదక్షిణ చేశారు. అందరిలోకీ పెద్దాయన వంగి కిందా మీదా చూశాడు.

"లచ్చా ఎనభై వేలండీ! మరి స్టాండు కూడా ఇవ్వలేదాండీ?"

స్టాండు లేదు. మడ్‌గార్డు లేదు. క్యారేజీ లేదు. గంట కూడా లేదు. బరువు తగ్గడానికని బావ వివరించబోయాడు. పెద్దాయన జాలిగా తలూపి, "పోనీలెండి, మెల్లిగా ఒకోటీ కొనుక్కుందురుగాని" అన్నాడు.

రెండో ఆటంకం ధాన్యం. డెల్టాలో తారురోడ్డుకి రెండు ఉద్యోగాలు. జూన్ నుంచి అక్టోబరు దాకా రోడ్డు, కోతల కాలంలో కళ్లం. ప్రభుత్వం కొనాలంటే గింజలో తేమ 17 శాతం దాటకూడదు. కోత మిషను కోసిన వడ్లు పచ్చిగానే చేతికొస్తాయి. ఎండకి చుర్రుమనే తారురోడ్డుని మించిన కళ్లం రైతుకి ఎక్కడ దొరుకుతుంది? గట్టు రోడ్డు సగానికి బరకాలు పరిచి, వాటి మీద వడ్లు పోసి, అంచున రాళ్లు పేర్చారు. మిగిలిన సగంలోంచి బాతుల మంద ఎదురొస్తోంది. బాతులకి హారను భయం లేదు, హెల్మెట్టు మీద గౌరవం లేదు. బండ్లు లేని దారి కోసం మూడు వందల మైళ్లు వచ్చిన మనిషి, ఓ చేత్తో సైకిలు పట్టుకుని, వడ్లు తొక్కకుండా, బాతుల్ని తప్పుకుంటూ, టకటక బూట్లతో అంచునే నడిచాడు. నిజానికి అక్కడ లేనిది లారీ ఒక్కటే. ఊరు మొత్తం ఆ గట్టు మీదే కాపురం ఉంటుంది. తలంట్లూ, తగాదాలూ, పెళ్లి చూపుల కబుర్లూ అన్నీ కాలువ రేవులోనే. ఉపగ్రహ పటంలో ఇవేవీ పడవు పాపం.

మధ్య డెల్టా కాలువ పాయలుగా చీలే లొల్ల లాకుల దగ్గర బావ ఆగి ఫొటోలు తీసుకున్నాడు. వంతెన ఎక్కిన నాలుగు గజాల మెరకని 'ఆరోహణం' అని సైకిలువాళ్ల యాప్ స్ట్రావాలో రాసుకున్నాడు. కొండలు లేని చోట మనిషి దేన్నయినా ఎక్కుతాడు. ఆత్రేయపురం అక్కడికి దగ్గరే. పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చిన ఊరు. బావ సంచీలో విదేశీ శక్తి బిళ్లలు ఉన్నాయి. అయినా పూతరేకులు ఆయన తినలేదని నేను చెప్పలేను. మొత్తం ఎన్ని తిన్నాడన్నది హ్యాండిలు మీది పెట్టె కూడా లెక్క పెట్టలేదు.

ఆ గట్టు మీదే రావులపాలెం వైపు పోతుంటే వెనక నుంచి కిర్రు కిర్రుమని ఓ చప్పుడు. అరటి గెలల సైకిలు. క్యారేజీకి అటో నాలుగు, ఇటో నాలుగు, పైన ఇంకో రెండు గెలలు. వాటి మధ్యలో ఎక్కడో ఓ మనిషి. లుంగీ ఎగ్గట్టి, రబ్బరు చెప్పులతో, రావులపాలెం మార్కెట్టుకి. పక్కకి వచ్చాక, "కుంచెం జరుగుతారాండీ, పాట టైమైపోతాంది" అని మర్యాదగా అడిగి దాటేశాడు. బావ గేరు మార్చాడు. ఇంకోటి మార్చాడు. ఆ పూట చాలానే మార్చాడు. గెలలు మాత్రం చిన్నవవుతూ పోయాయి. "అతనికి గాలి వాటం కుదిరిందిరా" అని ఇప్పటికీ అంటాడు.

అసలు ఆటంకం అమలాపురం దారిలో ఎదురైంది. మంచినీళ్లు అడుగుదామని ఓ ఇంటి ముందు ఆగాడు. కోనసీమలో నీళ్లు ఊరికే ఇవ్వరు, ముందు ఇంటిపేరు అడుగుతారు. బావ చెప్పాడు. అరుగు మీది పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుని, అమ్మమ్మగారి ఊరు అడిగింది. అదీ చెప్పాడు. ఆవిడ లేచింది. వేలు విడిచిన మేనత్త! ఆ గట్టు మీద ఎక్కడ ఆగినా ఓ మేనత్త తేలుతుందని బావకి ముందే తెలియాల్సింది.

"ఒరేయ్ నాయనా, నువ్వట్రా! ఆ నిక్కరేవిట్రా, నీ పెళ్లాం చూస్తూ ఊరుకుందా? ఒసేయ్, అబ్బాయికి మావయ్య లుంగీ ఒకటి తెచ్చివ్వు."

ఇక ఆ తర్వాత జరిగింది జరగాల్సిందే. బొండాలు, పనసపొట్టు కూర, ముక్కల పులుసు, గడ్డ పెరుగు, మడత మంచం. మధ్యలో సఖినేటిపల్లి దాకా పోయి, పంటు పడవ ఎక్కి నరసాపురం వైపు దాటి, పడమటి కాలువ మీదుగా తిరిగొస్తానన్న పథకం బావ వివరించాడు. మేనత్త విని, "అలాగేలే, ముందు కాస్త మజ్జిగ తాగు" అంది. లేచేసరికి నాలుగు. సముద్రం మీంచి గాలి ఎదురు తిరిగింది. అందులోనూ ఆవిడ కోడళ్లనీ కొడుకుల్నీ హడలుగొట్టిన మేనత్త. ఈ వేళప్పుడు చలిగాలిలో పిల్లాణ్ణి సైకిలు తొక్కనిస్తే వాళ్లమ్మకి తనేం సమాధానం చెప్పాలంది. కొబ్బరికాయలు వేసుకుని రాజమండ్రి పోతున్న ట్రాలీ ఆటోని ఆపించి, కాయల మీద సైకిలు పడుకోబెట్టించి, డ్రైవరు పక్కన బావని కూర్చోబెట్టించింది. లుంగీతోనే. ఒళ్లో అరిసెల డబ్బా.

మర్యాదస్తుడైన సైకిలువాడు అలాంటప్పుడు హ్యాండిలు మీది పెట్టె కట్టేయాలి. బావ కట్టలేదు, నిద్రపోయాడు. కొబ్బరికాయల మీద పడుకున్న సైకిలు కాలువగట్టు వెంట గంటకి నలభై ఎనిమిది కిలోమీటర్ల వేగంతో రాజమండ్రి చేరింది, గుండెదడ మాత్రం నిమిషానికి అరవై రెండు. రాత్రి రైల్లో కళ్లు తెరిచేసరికి స్ట్రావా ఆయనకి కిరీటం పెట్టింది. ఆ గట్టు మీద ఆ ముక్కని ఇప్పటిదాకా తొక్కినవాళ్లందరిలోకీ ఆయనే మొదటివాడు. స్నేహితులు చప్పట్ల గుర్తులు పంపిస్తున్నారు. ఒకడు గుండెదడ అంకె చూసి, "అన్నా, ఈ స్థాయి ఫిట్‌నెస్ ఎలా సాధించావు?" అని అడిగాడు.

తీసేస్తాననే అంటున్నాడు. సంక్రాంతి వెళ్లాక, తీరిగ్గా చూసి తీసేస్తాడట.