ఇంకుడు గుంత గోడు

నేను ఇంకుడు గుంతను. హైదరాబాద్ శివార్లలో ఒక కొత్త ఇంటి పెరట్లో, వాస్తు చూసి ఈశాన్యం మూలన తవ్వారు నన్ను. ఇళ్ల ఆవరణల్లో వాననీరు ఇంకే ఏర్పాటు ఉండాలంటూ 2002లో వాల్టా చట్టం వచ్చాక నాలాంటి వాళ్లకు బస్తీల్లో చోటు దొరికింది. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, ఆ పైన దొడ్డు ఇసుక. అంతే నా ఒళ్లు. పైనున్న నల్లమట్టి దాటి మొరం తగిలేదాకా తవ్వారు, అదే నా బలం.

ఆ తొలి వానాకాలం తలచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్లు కురిస్తే 2,000 లీటర్లు! గొట్టం వెంట దూకి వచ్చిన నీటినంతా తెల్లారేసరికి నేలకు అప్పజెప్పేదాన్ని.

తరవాత ప్రహరీ పని మొదలైంది. మేస్త్రీలు సాయంత్రం పూట గమేళాలు, తాపీలు నా మీదే కడిగేవారు. సిమెంటు పాలు ఇసుకలోకి దిగి బిగుసుకుపోయాయి. వద్దని చెప్పినవాళ్లు లేరు. పని అయ్యాక మిగిలిన ఇటుకలు నా మీద పేర్చారు, వాటి మీద పగిలిన పూలకుండీలు పెట్టారు. డాబా గొట్టాన్ని పెరట్లోకి తిప్పేశారు. ఇంట్లోకి వచ్చిన చుట్టాలకు బోరు, సంపు, మొక్కలు అన్నీ చూపించేవారు. నేనొకదాన్ని ఉన్నానని ఎవరూ అనలేదు. ఇటుకల కింద చీకట్లో, పైన వాన చప్పుడు వింటూ, గొంతు పూడిపోయి పడి ఉన్నాను. దాహం నాకు, నీళ్లు పెరటికి!

ఆ పెరటి కథ వేరు. ఇల్లు కట్టేటప్పుడు ఇసుక లారీలు, జేసీబీ తిరిగి నేలను అణగదొక్కాయి. దాని మీద ఇటుక ముక్కలు, రాలిన ప్లాస్టరింగ్ సర్ది, జానెడు ఎర్రమట్టి పరిచి గడ్డి నాటారు. పైకి పచ్చగా ఉంది గానీ, నీరు జానెడు దిగి ఆ గట్టి పొర దగ్గర ఆగిపోయేది. వాటం కూడా వంటింటి గోడ వైపే. నీళ్లు అక్కడే నిలిచాయి. వేళ్లకు గాలి ఆడక కరివేపాకు మొక్క పసుపు తిరిగి, కింది ఆకుల నుంచి రాలుతూ వచ్చింది. ఎరువు చాలలేదనుకుని ఇంకా వేశారు పాపం. కుండీ పళ్లేలలో, మడుగులో దోమపిల్లలు. గుడ్డు రెక్కలొచ్చి ఎగరడానికి వారం, పది రోజులు చాలు.

"ఏమండీ, ఇంకో ట్రాక్టరు మట్టి తోలిస్తే సరిపోదూ?" అన్నారు అమ్మగారు. తోలించారు. పల్లం పూడింది, నీళ్లు గోడను ఆనుకున్నాయి. లోపల వంటింట్లో అడుగు ఎత్తున చెమ్మ ఎక్కి రంగు పొక్కులు లేచింది.

చివరికి తోటపని పెద్దాయన వచ్చాడు. గడ్డపారతో అడుగు లోతు గుంట తీసి నీళ్లు పోసి వెళ్లాడు. పొద్దున చూస్తే నీళ్లు అలాగే ఉన్నాయి. "అమ్మా, మట్టి పోస్తే నీళ్లు పోవు, పక్కకు జరుగుతాయంతే. కింద పొర పగలాలి, నీటికి దారి కావాలి" అన్నాడు. ఇసుక కలుపుదామన్నారు అయ్యగారు. బంకమట్టిలో కొద్దిపాటి ఇసుక కలిపితే ఇంకా గట్టిపడుతుందని ఆయన ఒప్పుకోలేదు, మాగిన పేడ ఎరువే కలపమన్నాడు. గోడ నుంచి పది అడుగులు వచ్చేసరికి ఆరంగుళాలు దిగేలా వాటం మార్చాడు. ఆ పల్లం వెంట కాలువ తీసి కంకర నింపుతూ ఈశాన్యం మూలకు వచ్చి, "ఈ ఇటుకల కింద ఏముంది బాబూ?" అని అడిగాడు.

బిగిసిన ఇసుకంతా ఎత్తిపోసి కొత్త ఇసుక వేశారు. డాబా గొట్టం మళ్లీ నా వైపు తిరిగింది. ఆకులూ బురదా ముందే ఆగేలా చిన్న తొట్టి కట్టారు. ఏటా మే నెలలో ఆ తొట్టి శుభ్రం చేయాలని, పై ఇసుక గీకి మార్చాలని పెద్దాయన అయ్యగారికి రెండుసార్లు చెప్పాడు. నిన్న వాషింగ్ మెషీన్ గొట్టం కూడా నాలోకి వదులుదామని అయ్యగారు కొలతలు తీస్తుంటే, సబ్బునీళ్లు కుదరవని అమ్మగారే అడ్డం పడ్డారు.