డాటుకి ముందర ఏటెడదాం?

సాలూరు వాళ్ళకి పేరు పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. లారీ నుదుట అమ్మవారి పేరు, తలుపు మీద ఓనరు పేరు, వెనకాల పిల్లల పేర్లు. బండి చుట్టూ ఒక్కసారి తిరిగితే ఇంట్లో ఎందరున్నారో, ఎవరికి పెళ్ళి కాలేదో తెలిసిపోతుంది. అలాంటి ఊళ్ళో లారీ బాడీలు కట్టే మా మావయ్యకి వెబ్‌సైటు పేరు దొరకడానికి మాత్రం నెలలు పట్టింది.

షెడ్డు బోర్డు మీద ‘శ్రీ శ్రీ శ్రీ శ్యామలాంబ అండ్ సన్స్ లారీ బాడీ బిల్డింగ్ వర్క్స్’ అని ఉంటుంది. దాన్నే ఇంగ్లీషులో ఖాళీల్లేకుండా కలిపేసి డాట్ కామ్ తగిలించమన్నాడు. డాటుకి ముందు 63 అక్షరాలకి మించి పట్టవని చెప్పి గట్టెక్కుదామనుకున్నాను. ఆయన వేళ్ళ మీద లెక్కెట్టాడు. 48 తేలాయి.

“ఇంకా పదిహేను మిగిలిపోనాయి కదరా అల్లుడూ! మా నాన్న పేరు కూడా ఎట్టీ.”

పట్టడం వేరు, పలకడం వేరు. శ్యామలాంబ మా ఊరి అమ్మవారు. ఆ పేరులో హెచ్ దూర్చేవాళ్ళున్నారు, దీర్ఘానికి రెండు ‘ఎ’లు వేసేవాళ్ళున్నారు. శ్రీ సంగతి సరేసరి. దానికి తోడు సంఖ్యాశాస్త్రం తెలిసినాయన ఒకరు చివర ఇంకో ‘ఎ’ చేరిస్తే వ్యాపారం పరుగెడుతుందన్నాడు. అడ్రసులో ఒక అక్షరం అటూ ఇటూ అయినా పోస్టుమేన్ ఉత్తరం తెచ్చిస్తాడు. ఇంటర్నెట్టుకి ఆ దయాదాక్షిణ్యాల్లేవు.

అందుకే నా పరీక్ష ఒకటే. పేరు ఫోనులో ఒక్కసారి చెప్తే అవతలివాళ్ళు మారు అడక్కుండా రాసుకోవాలి. మావయ్య బేరాలు ఊళ్ళోవి కావు. 26వ నంబరు జాతీయ రహదారి సాలూరు దాటి, ఘాటెక్కి, సుంకి మీదుగా కోరాపుట్ చేరుతుంది. అటునుంచి వేరే రహదార్లు పట్టుకుంటే జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ పోవచ్చు. ఆ దారి పొడుగునా ఆయనకి ఖాతాదార్లే. రాయపూర్ సేటుకి ఫోను చేసి ‘శ్యామలాంబ’ అన్నాం. ఆయన శ్రద్ధగా రాసుకుని తిరిగి చదివాడు: “శ్యామ్ లాల్.” అయితే పదాల మధ్య గీత పెడదామన్నాడు మా తమ్ముడు. “కిందిగీతా, మధ్యగీతా?” అన్నాడు సేటు. కిందిగీత చెల్లదు. మధ్యగీత చెల్లుతుంది గానీ మొదట్లోనూ, చివర్లోనూ కాదు. ఇదంతా హిందీలో చెప్పే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు.

పోనీ, అమ్మవారిని బోర్డు మీదే ఉంచి ‘సాలూరు బాడీ బిల్డర్స్’ అందామా? మా ఊళ్ళో బాడీ అంటే చెక్కా, ఇనుమూ. ఊరు దాటితే నూనె రాసుకున్న కండలు. ఎలా ఉంటుందో చూద్దామని ఫేస్‌బుక్కులో ఆ పేరుతో పేజీ పెడితే, ప్రోటీను పొడి ఏ కంపెనీది వాడుతున్నారని ఫోనొచ్చింది. “మేం మద్దిచెక్కే వాడతామండి,” అన్నాడు మావయ్య.

ఒట్టి ఊరి పేరు పెట్టుకుందామా అంటే అదో చిక్కు. ‘సాలూరి’ అని ఒక్క గుణింతం మారిందా, రాజేశ్వరరావు గారి పాటలు మొదలవుతాయి. 1922లో మా పక్కనున్న శివరామపురంలో పుట్టిన మహానుభావుడు. ఆయనతో పోటీ మర్యాదా కాదు, సాధ్యమూ కాదు.

తెలుగు లిపిలోనే డాట్ భారత్ పేరు తీసుకోవచ్చని తెలిసి మావయ్య మురిసిపోయాడు. తీరా చూస్తే ఆ తెలుగు మన కంటి వరకే. లోపల యంత్రం దాన్ని ఎక్స్, ఎన్, రెండు గీతలతో మొదలయ్యే బీజాక్షరాలుగా మార్చుకుంటుంది. మార్చుకోనీండి. కోరాపుట్ డ్రైవరు ఫోనులో తెలుగు కీబోర్డు ఎవరు పెడతారు?

ఇంకో సంగతి. పేరు కొనుక్కోవడం కాదు, అద్దెకి తీసుకోవడం. ఏడాదికి తీసుకోవచ్చు, మహా అయితే పదేళ్ళకి. “ఎఫ్‌సీ లాంటిదన్నమాట,” అన్నాడు మావయ్య, నేను సగం చెప్పకుండానే. గడువు దాటితే బండి రోడ్డెక్కదు, మరీ ఆలస్యమైతే ఇంకెవడో తోలుకుపోతాడు. దానికంటే ముఖ్యం ఆర్‌సీ. సైటు కట్టే కుర్రాళ్ళు కొందరు పేరుని తమ మెయిలు మీదే రిజిస్టరు చేసేస్తారు. డబ్బు మీది, కాగితం వాళ్ళది. నన్నడిగితే స్పెల్లింగు కంటే ముందు చూసుకోవాల్సింది ఇదే. మొట్టమొదటి డాట్ కామ్ పేరు 1985లో సింబాలిక్స్ అనే అమెరికా కంప్యూటర్ల కంపెనీ తీసుకుంది. కంపెనీ వెలుగు ఎప్పుడో తగ్గిపోయింది గానీ, పేరుని 2009లో వేరేవాళ్ళు కొనుక్కున్నారు. “అయితే షెడ్డు మూసీసినా పేరు అమ్ముకోవచ్చు,” అని మావయ్య అత్తకి చెప్పాడు. ఆ మాటకి ఆ పూట కాఫీ రాలేదు.

చివరికి సాలూర్‌లారీ డాట్ ఇన్ దగ్గర ఆగాం. ఊరి పేరుకి రైలు స్టేషను బోర్డు మీది స్పెల్లింగే, మొత్తం పదక్షరాలు. సేటు ఒక్కసారికే రాసుకున్నాడు. పెయింటరు దాన్ని లారీ వెనక తలుపు మీద ఎర్రగా, చుట్టూ లతలల్లి రాశాడు. డాట్ మాత్రం కనిపించలేదు.

“డాట్ ఏదయ్యా?”

“బొట్టెట్టీసినాను కదు బావూ!”

నిజమే. ‘లారీ’కీ ‘ఇన్’కీ నడుమ, పసుపు మీద రూపాయి బిళ్ళంత కుంకం. మావయ్య చెప్పులు విప్పాడు.