అన్నీ వాటంతట అవే, ఒక్క రూపాయి తప్ప

మొబైల్ కంపెనీల దొరలకు ముందుగా ఒక నమస్కారం. మీ నెట్‌వర్కుకు ఇక మనుషుల అవసరం లేదట. జబ్బు చేస్తే తనే కనిపెట్టి తనే మందు వేసుకుంటుందట. పక్కన ఏ టవరు ఉందో తనే వాకబు చేసుకుంటుందట. అర్ధరాత్రి జనం పడుకున్నారని గమనించి కొన్ని ఫ్రీక్వెన్సీలను తనే ఆపేసి మీ కరెంటు బిల్లు తగ్గిస్తుందట. వింటుంటే కడుపు నిండిపోతోంది. ఇంకా ఎండుతున్నది మా ఫోనులో సిగ్నలొక్కటే.

ఇవి గాలికబుర్లని మేం అనడం లేదు. 4జీ ప్రమాణాలు రాసుకున్న 2008 ప్రాంతంలోనే దీనికి పునాది పడింది. కొత్త టవరు నిలబెట్టినప్పుడు చుట్టుపక్కల టవర్ల జాబితాను ఇంజనీరు చేత్తో ఎక్కించే రోజులు పోయాయి. మన ఫోన్లు పంపే కొలతలను చూసి పరికరమే ఆ జాబితా రాసుకుంటోంది. 2018లో ఏర్పడిన ఓ-రాన్ అలయన్స్ అనే టెలికాం కంపెనీల కూటమి ఇంకో అడుగు ముందుకేసి రేడియో పరికరాలకు విడిగా ఒక మెదడును తగిలించింది. అది 10 మిల్లీసెకన్ల నుంచి ఒక సెకను లోపే నిర్ణయాలు తీసుకుంటుంది. ఇక టీఎం ఫోరం అనే పరిశ్రమ సంఘం సున్నా నుంచి ఐదు దాకా మెట్లు కట్టింది. సున్నా దగ్గర పనంతా మనిషిదే, ఐదు దగ్గర అంతా యంత్రానిదే. పెద్ద కంపెనీలు చాలావరకు నాలుగో మెట్టు మీద కాలు పెట్టామనో, రేపోమాపో పెడతామనో సభల్లో చెప్పుకుంటున్నాయి. ఈ మెట్లెక్కడానికి మోకాళ్లలో బలం అక్కర్లేదు, పవర్‌పాయింటు చాలు.

మరి ఈ మహామేధ ఇంతవరకు చూపిన ప్రతిభ ఎలాంటిదో కాస్త చెప్పుకుందాం.

2024 ఫిబ్రవరి 22, అమెరికా. డల్లాస్ కేంద్రంగా నడిచే మొబైల్ కంపెనీ ఏటీ అండ్ టీ. తెల్లవారుజామున 2.42కి మామూలు మెయింటెనెన్స్ పనిలో భాగంగా ఓ కొత్త పరికరాన్ని తప్పుడు కాన్ఫిగరేషన్‌తో నెట్‌వర్కులోకి ఎక్కించారు. మూడు నిమిషాలు తిరక్కుండానే నెట్‌వర్కు ప్రమాదాన్ని పసిగట్టింది. ఎవరినీ అడక్కుండా, ఏ మేనేజరునూ నిద్ర లేపకుండా రక్షణ చర్యకు దిగింది. ఆ చర్య ఏమిటంటే, దేశమంతటా ఉన్న తన ఖాతాదారుల ఫోన్లన్నిటినీ బయటికి నెట్టి తలుపు గడియ పెట్టుకోవడం. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తర్వాత లెక్క తీసింది: 12.5 కోట్లకు పైగా పరికరాలు మూగబోయాయి, 9.2 కోట్లకు పైగా కాల్స్ ఆగిపోయాయి. వాటిలో 911 అత్యవసర నంబరుకు చేసినవే 25 వేలు దాటాయి. డల్లాస్ చుట్టుపక్కల ఆ కంపెనీ సిమ్ వాడే మన తెలుగువాళ్లు కూడా ఆ పొద్దున సిగ్నలు గీతల కోసం తడుముకున్నవాళ్లే. గడియ పెట్టుకోవడానికి మూడు నిమిషాలు చాలాయి, పూర్తిగా తియ్యడానికి కనీసం పన్నెండు గంటలు పట్టింది. అందరి ఫోన్లూ ఒక్కసారిగా లోపలికి రావాలని ఎగబడితే రిజిస్ట్రేషన్ వ్యవస్థలు ఆ తాకిడికి తట్టుకోలేకపోయాయి మరి. ఖాతాదారుల బారి నుంచి నెట్‌వర్కును కాపాడటంలో ఇంతటి ఘనవిజయం ఎవరు సాధించగలరు?

యంత్రం కంటే ముందు తప్పింది మనుషులేనని కూడా ఎఫ్‌సీసీ తేల్చింది. మార్పును తోటి ఉద్యోగి ఒకసారి సరిచూడాలన్న కంపెనీ సొంత నియమాన్నే ఆ రాత్రి పాటించలేదు. ఆ రెండో జత కళ్లకయ్యే ఖర్చెంతో మాకు తెలియదు. అవి లేకపోతే అయ్యే ఖర్చు మాత్రం పైనే రాశాం.

ఇక కెనడా వెళదాం. 2022 జూలై 8న అక్కడి టెలికాం కంపెనీ రోజర్స్ నెట్‌వర్కు కుప్పకూలి, కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఖాతాదారులు ఫోనూ ఇంటర్నెట్టూ లేకుండా మిగిలారు. కోర్ నెట్‌వర్కులో ఏడు దశలుగా చేస్తున్న మార్పులో అది ఆరో దశ. పని మొదలుపెట్టినప్పుడు ‘ప్రమాదం ఎక్కువ’ అనే రాసుకున్నారు. అయితే ముందు దశలు సాఫీగా గడిచాయి కదా అని, ప్రమాదాన్ని లెక్కగట్టే అల్గారిథమ్ ఆరో దశ వచ్చేసరికి దాన్ని ‘తక్కువ’కు దించేసింది. ఐదుసార్లు హైవే దాటినా లారీ గుద్దలేదు కాబట్టి ఆరోసారి కళ్లు మూసుకుని దాటొచ్చన్నమాట! సరిగ్గా ఆ ఆరో దశలోనే ఓ రూటరులోని వడపోత నియమం చెరిగిపోయింది, రూటింగ్ సమాచారం వరదలా వచ్చి పడింది, కోర్ మునిగిపోయింది. బాగుచెయ్యాల్సిన ఇంజనీర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుందామంటే వాళ్ల ఫోన్లూ ఆ నెట్‌వర్కువే. చివరికి పోటీ కంపెనీల సిమ్‌కార్డులు తెప్పించుకుని మాట్లాడుకోవాల్సి వచ్చింది. తనకు తానే వైద్యం చేసుకునే నెట్‌వర్కుకు అంబులెన్సు ఎదురింటి నుంచి వచ్చింది.

మూడోది ఆస్ట్రేలియా. 2023 నవంబర్ 8న అక్కడి టెలికాం కంపెనీ ఆప్టస్‌కు బయటి నుంచి రూటింగ్ సమాచారం ముందే పెట్టిన పరిమితిని మించి వచ్చింది. సుమారు 90 రూటర్లు తమను కాపాడుకోవడానికి తమంతట తామే నెట్‌వర్కు నుంచి విడిపోయాయి. దాదాపు కోటి మందికి ఓ పూటంతా సేవ లేదు. 2,145 మంది అత్యవసర నంబరు ట్రిపుల్ జీరోకు ఫోన్ చేసి అందుకోలేకపోయారని అక్కడి నియంత్రణ సంస్థ తేల్చింది. ఆ రూటర్లలో కొన్నింటిని మళ్లీ లేపడానికి ఇంజనీర్లు స్వయంగా ఆ చోట్లకు వెళ్లాల్సి వచ్చింది. దూరం నుంచి అన్నీ చక్కబెట్టే వ్యవస్థ పడిపోతే లేపడానికి పనిముట్ల సంచీ పట్టుకుని మనిషే పరుగెత్తాలి. రెండు వారాలు తిరక్కముందే కంపెనీ సీఈఓ రాజీనామా చేశారు. సేవే లేక అల్లాడిన జనానికి కంపెనీ ప్రకటించిన కానుక 200 జీబీ అదనపు డేటా.

ఈ మూడు కథల్లోనూ పడగొట్టింది రోబో మెదడేం కాదు, మామూలు కాన్ఫిగరేషన్లూ పరిమితులే అని కంపెనీలు సర్దిచెప్పొచ్చు. సరే, ఒప్పుకున్నాం. అయితే చిన్న తప్పును నిమిషాల్లో దేశమంతా పంచిపెట్టింది ఎవరు? చేత్తో చేసే తప్పు ఒక ఊరితో ఆగుతుంది. ఆటోమేషన్‌తో చేసే తప్పు ఖండం చివరిదాకా వెళ్లి గానీ ఆగదు.

అప్పుడు పరుగెత్తాల్సిన మనుషుల సంగతీ చూద్దాం. బ్రిటన్‌లోని టెలికాం కంపెనీ బీటీ 2030 నాటికల్లా 55 వేల ఉద్యోగాల దాకా తగ్గిస్తామని 2023 మేలో ప్రకటించింది. అందులో పది వేల దాకా కృత్రిమ మేధకూ ఆటోమేషన్‌కూ అప్పగిస్తారట. ఉద్యోగి పోయాక మిగిలే పని ఎవరిదో చెప్పరు గానీ, మిగిలే జీతం ఎవరి లెక్కలో పడుతుందో మాత్రం వాటాదారులకు స్పష్టంగా చెబుతారు. మన హైదరాబాదులో కూడా రాత్రి షిఫ్టుల్లో కూర్చుని, తమ కుర్చీని తీసేసే స్క్రిప్టును తామే శ్రద్ధగా రాసే కుర్రాళ్లున్నారు. స్క్రిప్టు బాగా పనిచేస్తే కుర్చీ పోతుంది, పనిచెయ్యకపోతే రేటింగు పోతుంది.

ఆటోమేషనే వద్దనే వెర్రితనం మాకు లేదు. లక్షల సెల్స్ నుంచి నిమిషానికొక గుట్టగా వచ్చి పడే అలారాలను మనిషి కళ్లతో ఏరడం జరిగే పని కాదు. ఒక టవరు పడిపోతే వచ్చే వంద అలారాల వెనక ఉన్న ఒకే కారణాన్ని యంత్రం పట్టేస్తే సంతోషమే. మా పేచీ అక్కడ లేదు. యంత్రానికి ఏ పని నేర్పాలో ఎంచుకునే చెయ్యి ఎవరిదన్నదే మా పేచీ.

ఎందుకంటే మీ దగ్గర ఎన్నడూ విఫలం కాని ఆటోమేషన్ ఒకటుంది. ప్రీపెయిడ్ ప్యాక్ గడువు తీరిన క్షణాన మా నోరు కట్టేసే ఆటోమేషన్. దానికి మెయింటెనెన్స్ లేదు, తుపాను లేదు, ఫైబర్ కట్ లేదు, సర్వర్ బిజీ అనే మాట లేదు. 28 రోజులను నెల అని పిలిచి, ఏడాదికి 13 సార్లు రీచార్జి చేయించే లెక్కలో అది ఒక్క పూటైనా తడబడిందా? మర్నాడు సాయంత్రం దాకా మరిచిపోయిందా? పొరపాటున ఓ రోజు మాకు వదిలేసిందా? ఐదో మెట్టు మీద పద్మాసనం వేసుకుని కూర్చున్న ఆటోమేషన్ అంటే అది.

మా వైపు రావాల్సిన డబ్బు దగ్గరికొచ్చేసరికి మాత్రం అంతటి తెలివికీ పక్షవాతం వస్తుంది. కంపెనీ నెట్‌వర్కులోని కారణంతో తెగిన ప్రతి కాల్‌కూ ఒక రూపాయి చొప్పున, రోజుకు మూడు రూపాయలకు మించకుండా ఖాతాలో వెయ్యాలని మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015 అక్టోబరులో నియమం తెచ్చింది. 2016 జనవరి 1 నుంచి అమలు కావాలంది. ఒక్క రూపాయి! కంపెనీలు సుప్రీంకోర్టు మెట్లెక్కాయి. ఆ మెట్లు మాత్రం వాళ్లు నిజంగానే ఎక్కారు. స్పెక్ట్రమ్ చాలదన్నారు, టవర్లకు చోటివ్వడం లేదన్నారు, కాల్ తెగడంలో వినియోగదారుడి పాత్ర కూడా ఉంటుందన్నారు. ఆ నియమం సహేతుకంగా లేదని 2016 మే 11న కోర్టు కొట్టేసింది. న్యాయం న్యాయమే, దాన్ని తప్పుపట్టం. కాల్ తెగడంలో మా పాత్ర కూడా ఉంటుందన్న ఆనాటి వాదనను మాత్రం గుర్తుపెట్టుకున్నాం.

ఇప్పుడు ఎవరి పాత్ర ఎంతో తేల్చగలమని మీరే చాటుతున్నారు కదా! ఏ సెల్‌లో, ఏ క్షణాన, ఏ కారణాన కాల్ తెగిందో మీ మెదడు సెకనులోపే చెబుతుందట. అయితే ఆ కారణం మీదైనప్పుడు రూపాయి మా ఖాతాలోకి వెయ్యమని దానికి నేర్పడానికి ఇంకో అలయన్స్ కావాలా? ట్రాయ్ 2024 నియమాల్లో కాస్త దయ చూపింది. జిల్లా మొత్తం 24 గంటలకు మించి సేవ ఆగిపోతే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వాళ్లకు గడువు పొడిగింపు ఇవ్వాలంది. జిల్లా అంతా ఒక పగలూ ఒక రాత్రీ మూగబోతే గానీ మాకు దక్కేది లేదన్నమాట. మా గడువు తీరితే మీరు ఒక్క సెకను కూడా ఆగరు. మీ సేవ ఆగితే మేం ఒక రోజు ఆగాలి.

కాబట్టి దొరలారా, మీ మెట్ల లెక్కకు మాదొక చిన్న సవరణ. తప్పు కనిపెట్టడం, సరిచెయ్యడం, కరెంటు పొదుపు చెయ్యడం, ఉద్యోగిని ఇంటికి పంపడం, అన్నీ మీ యంత్రానికి వచ్చేశాయి. ఇక మిగిలింది ఒక్కటే. కాల్ తెగిన వెంటనే, మేం కస్టమర్ కేర్‌లో తొమ్మిది నొక్కకుండా, అర్జీ పెట్టకుండా, కోర్టుకెక్కకుండా, రూపాయి దానంతట అది వెనక్కి రావాలి. ఆ రోజున మీ నెట్‌వర్కుకు బుద్ధి వచ్చిందని ఊరంతా చాటింపు వేస్తాం. అప్పటిదాకా దానికున్నది వట్టి తెలివి. తెలివి జేబుదొంగకూ ఉంటుంది.