వేలంలో అన్యాయం

హైదరాబాద్‌లో బ్యాంకు వేలంలో ఇళ్లు కొని, రంగులేసి అమ్ముకునే వర్గం ఒకటుంది. పాపం, ఆ వర్గం ఇప్పుడు కష్టాల్లో ఉంది. రైతుకు గిట్టుబాటు ధర లేదంటే రోడ్డెక్కే పార్టీలు, వీళ్లకు గిట్టుబాటు ఫ్లాట్లు దొరకడం లేదంటే కిమ్మనడం లేదు.

పాత రోజులు ఎంత బావుండేవి! ఎవరో కిస్తీలు కట్టలేక చతికిలబడేవారు. 90 రోజులు దాటితే మొండి బాకీ. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు, అదీ అయ్యాక గోడకు స్వాధీన ప్రకటన. ఆపైన పేపర్లో చీమ తలకాయంత అక్షరాల్లో వేలం ప్రకటన. చదివేది నలుగురే. ఆ నలుగురూ ముందురోజే ఛాయ్ తాగుతూ ఏ ఫ్లాటు ఎవరిదో తేల్చేసుకునేవారు. మర్నాడు పాట రిజర్వు ధర దగ్గరే మర్యాదగా ఆగిపోయేది.

ఇప్పుడా మర్యాద ఏదీ? ప్రభుత్వ బ్యాంకుల ఆస్తుల వేలానికి 2025 జనవరిలో బ్యాంక్‌నెట్ పోర్టల్ తెచ్చిపెట్టారు. బడిపంతులు, సాఫ్ట్‌వేర్ కుర్రాడు, డల్లాస్ అల్లుడు... మామూలుగా పది శాతం ధరావతు కడితే చాలు, ఎవరైనా దూరిపోవచ్చు. ఆఖరి నిమిషంలో ఒకడు పాట పెంచితే గడువు దానంతటదే పెరిగిపోతుంది. పైగా వీళ్లలో కొందరు ఇల్లు కొనేది అందులో కాపురం ఉండటానికట! వ్యాపారం తెలియని మనుషులతో పోటీ పడేదెలా?

పోనీ, పాడుకున్నాక సుఖమా? పావు వంతు సొమ్ము తర్వాతి పనిదినానికల్లా కట్టాలి. మిగతాది ఖరారయ్యాక 15 రోజుల్లో. తప్పితే కట్టింది గోవిందా. ‘ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా’ అనే షరతు కింద నీటి బిల్లు, అసోసియేషన్ బాకీ, ఖాళీ చేయనని కూర్చున్న మనిషి, రుణ వసూళ్ల ట్రిబ్యునల్ (డీఆర్‌టీ)లో కేసు, అన్నీ ఇంటితోపాటే రావచ్చు.

అన్నిటికన్నా ఘోరం అదే సర్ఫేసీ చట్టంలోని 13(7) సెక్షన్. వేలం సొమ్ములోంచి ఖర్చులు, బాకీ పోగా మిగిలింది హక్కుదారుకు ఇవ్వాలట. ఆ ఇంటి మీద వేరే అప్పులు లేకపోతే ఆ హక్కుదారు ఇల్లు పోగొట్టుకున్నవాడే! అంటే పాట లక్ష పెరిగితే మనవాడి లాభంలో లక్ష తగ్గి, అప్పులవాడి నెత్తిమీంచి లక్ష దిగుతుంది. పోటీ పేరుతో ఇంత పచ్చి దోపిడీ ఇంకెక్కడైనా ఉందా?

కనుక ప్రభుత్వానికి విన్నపం: ఉండటానికి ఇల్లు కావాలనేవాళ్లను వేలం దరిదాపులకు రానివ్వకండి. ప్రకటనల్లో అక్షరాలు ఇంకాస్త చిన్నవి చేయండి.

ఆ జీవో వచ్చేలోగా, ఇల్లు పోయినవాళ్లకు ఒక మాట. పాట ముగిశాక బ్యాంకుకు కాగితం పెట్టి లెక్క అడగండి. మిగులు ఉంటే అది బ్యాంకుది కాదు, పాడుకున్నవాడిదీ కాదు.