పాతాళమునకు కుర్చీ

మంచు కురియు దేశములలో చలికాలము సమీపించినకొలది కొండవాలు క్రీడాస్థలముల యజమానులకు కంటికి కునుకుండదట. జనులను శిఖరమునకు మోయు చైర్‌లిఫ్టు పాతబడెనేని, తొలిమంచు పడకమునుపే దానిని విప్పి క్రొత్తది బిగింపవలెను. లేనిచో కాళ్లకు పలకలు కట్టుకొని, చేత రొక్కము పట్టుకొని వచ్చిన విహారులు వెనుదిరిగిపోవుదురు. వేసవిలో 45 డిగ్రీలు దాటు గోదావరిఖనిలో కూర్చుండి వారి చింతను నేను చక్కగా గ్రహింపగలను. ఏలయన మా బొగ్గుబాయిలోను చైర్‌లిఫ్టు కలదు. వారు కూర్చుండి పైకి పోయి, జారుచు క్రిందికి వచ్చి, అందులకు డబ్బు చెల్లింతురు. మేము కూర్చుండి క్రిందికి పోయి, షిఫ్టు చేసి, కూర్చుండియే పైకి వచ్చి, జీతము పుచ్చుకొందుము. ఏది తెలివైన బేరమో చదువరులే నిర్ణయింతురుగాక.

1936లో అమెరికాలోని సన్ వ్యాలీయందు తొలి చైర్‌లిఫ్టును కల్పించిన జేమ్స్ కర్రన్ అను రైల్వే ఇంజినీరు, ఓడలలోనికి అరటిగెలలను మోయు కొక్కెముల యంత్రమును తలచుకొని, గెల యుండవలసినచోట మనిషిని కూర్చుండబెట్టెనట. మా ఓవర్‌మ్యాన్‌లలో కొందరి దేహపుష్టిని వెనుకనుండి చూచినవారికి ఈ చరిత్రయందు లేశమైనను సందేహము కలుగదు.

1889లో ఇల్లెందున త్రవ్వకము మొదలైన మా సింగరేణి గనులలో, ఇన్‌క్లైన్ బాయిల కార్మికుడు చిరకాలము డిప్పు వాలు వెంట నడచియే దిగెను. దిగుట కష్టము కాదు. ఎనిమిది గంటలు బొగ్గుతో పెనగులాడిన పిమ్మట అదే వాలును ఎక్కివచ్చుటలోనే మోకాళ్ల మహిమ తెలియవచ్చును. ఆ మోకాళ్ల మొర ఆలకించి వచ్చినదే మ్యాన్‌రైడింగు అనబడు ఈ చైర్‌లిఫ్టు. ఆసనమన్నంతనే సింహాసనమని భ్రమపడరాదు. పైకప్పు క్రింద కప్పీలపై నిరంతరము తిరుగు ఇనుప రోపు, దానినుండి వ్రేలాడు ఊచ, ఊచకు సైకిలు సీటంత పీట, పాదములానించుటకు ఒక కమ్మి, ఇంతియే. మేనేజరునకును కోల్‌ఫిల్లరునకును ఒకే కొలత పీట. ప్రక్కన వేరొక పీట లేదు గనుక, దారిలో అర్జీ పెట్టుకొనదలచినవాడు దొరగారి వీపునకే పెట్టుకొనవలెను. దిగవలసినచోట దిగక ముందునకు సాగిపోవువానిని ఆపుటకు స్విచ్చొకటి కలదు. నైట్‌షిఫ్టు చివర దాని ఉపకారము వర్ణింపనలవికాదు.

రోపునకును ఆయుఃప్రమాణము కలదు. తెగిన తీగలను, అరిగిన మందమును లెక్కించి అది ‘అన్‌ఫిట్’ అని తేల్చిన మీదట, మార్పునకు దసరా సెలవు నిశ్చయింపబడెను. సెలవునాటి మస్టరునకు జీతము హెచ్చు గనుక, ఏడాది పొడవునా నడుమునొప్పియని సర్ఫేసు పని వేడుకొనువారు సైతము ఆనాడు ఉక్కుమనుషులై వరుసలో నిలిచిరి. పాతరోపు కొసకు క్రొత్తరోపు మొన కట్టి మోటారును మెల్లగా తిప్పగా, మెడికల్ బోర్డున అన్‌ఫిట్టైన తండ్రి కొడుకు చేయి పట్టుకొని బాయికి అప్పగించిపోయినట్లు, పాతది క్రొత్తదానిని లోపలికి లాగి తాను వెలికి వచ్చెను.

అసలు ఘట్టము క్రొత్తరోపు రెండు కొసలకును అతుకు వేయుట. ఆరు పేటలను విప్పి, నడిమి నారను కోసివేసి, ఆ ఖాళీలోనికి పేటల కొసలను ఒక్కొక్కటిగా దూర్చి, ముడి యున్నదన్న జాడయే లేకుండ చేయవలెను. అతుకు లావైనచో ప్రతి కప్పీమీదను గంతు వేయును. ఆ విద్య మా ముసలి ఫిట్టరు చేతివ్రేళ్లయందున్నది. పుస్తకములన్నియు చదివివచ్చిన యువ ఇంజినీరు ప్రక్కన కూర్చుండి పేట పొడవునకు సూత్రమేమని మరల మరల అడుగగా, ఆయన తల యెత్తకయే “గీ కొస జర గట్టిగ పట్టుండ్రి సారూ” అనెను.

సాయంకాలమునకు చక్రమునకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, జమ్మి ఆకు చేతులు మార్చుకొని, పీటలపై ఇసుకసంచులు కట్టి పంపిరి. సంచులు మారుమాటాడక పోయి వచ్చినవి. తరువాత మనుష్యుల వంతు రాగా బాయిలో మర్యాద వెల్లివిరిసెను.

“పెద్దాయనా, నీ చేతి పని. మొదటి గౌరవం నీదే,” అని దొరగారనిరి.

“నాదేముంది సారూ, పెద్దసార్లు మీరు కూసుంటెనే మాకు ధైర్నం,” అని ఫిట్టరు.

ఈ వినయపు పోటీ ఎడతెగకుండుట చూచి, చివరకు ఫిట్టరే నవ్వుచు ఎక్కి కూర్చుండెను.

మరునాటి మొదటి షిఫ్టే మాకు సీజను. రోపు గుసగుసయైనను లేక సాగుచుండెను. అతుకును ఎవ్వరును చూడలేదు. కనబడకుండుటే దాని గొప్ప గదా! దిగివచ్చిన వారిలో ఒకడు మాత్రము పెదవి విరిచి, “పాతదే నయముండె. ఊగుకుంట వోతుంటె మంచిగ నిద్ర వట్టేది,” అనెను. వెనుకవాడు అంతకంటె దూరదృష్టి గలవాడు: “అన్నా, గీ రోపును గేటు కాడికెల్లి క్వార్టర్లదాక ఎందుకు గుంజరే?”

ఫిట్టరు చేతుల గ్రీజు తుడుచుకొనుచు, “గుంజుతం తమ్మీ. దసరా మస్టరు ఇప్పియ్యుమను,” అనెను.