తోట ట్రాక్టర్‌కు లోడర్: చెవిన పెట్టకూడని సలహాలు

మినీ ట్రాక్టర్‌కు ముందు బకెట్ కట్టించుకుందామని వెల్డింగ్ షాపుకు వెళ్తే, రాడ్డు అంటించకముందే చుట్టూ ఉన్నవాళ్లు సలహాలు మొదలుపెడతారు. వాటిలో అన్నిటికన్నా చేటు చేసేది ఇదీ: "జాకీలు పెద్దవి వేయించు, ఎంత బరువైనా లేపుతుంది."

లేపుతుంది, నిజమే. 50 మిల్లీమీటర్ల బోరున్న జాకీ ఒక్కటే 150 బార్ ఒత్తిడి దగ్గర దాదాపు మూడు టన్నుల బలంతో తోస్తుంది. చేతులు పొడవు కాబట్టి బకెట్ దగ్గరకొచ్చేసరికి అందులో కొంతే మిగులుతుంది, అయినా 15 హార్స్‌పవర్ బండికి అదే ఎక్కువ. చూడాల్సింది ఎంత లేపుతుందని కాదు, లేచిన బరువు ఎక్కడ పడుతుందని. ఇరుసుల మధ్య దూరం మీటరున్నర, బకెట్ మధ్యభాగం ముందు ఇరుసుకు 90 సెంటీమీటర్ల అవతల ఉందనుకోండి. 250 కిలోల ఇసుక ఎత్తితే ముందు ఇరుసు మీద అదనంగా పడేది 400 కిలోలు. ఎక్కువైన ఆ 150 వెనక చక్రాల మీద తగ్గిన బరువే. టూ వీల్ డ్రైవ్ బండికి పట్టు, బ్రేకు రెండూ వెనక చక్రాల్లోనే ఉంటాయి. అవి తేలికైతే వాలులో బండి మన మాట వినదు. బకెట్ పైకెత్తి మలుపు తిప్పితే పక్కకు పడిపోతుంది కూడా. పెద్ద జాకీతో ఇంకో నష్టం, నిదానం. నిమిషానికి 10 లీటర్లిచ్చే పంపుతో, 40 సెంటీమీటర్ల స్ట్రోక్ ఉన్న 50 బోరు జత పూర్తిగా లేవడానికి తొమ్మిదిన్నర సెకన్లు పడితే, 63 బోరు జతకు పదిహేను పడుతుంది.

"వెనక బరువెందుకు, డీజిల్ దండగ" అనేవాళ్లూ ఉంటారు. వెనక ఇరుసుకు 75 సెంటీమీటర్ల అవతల త్రీ పాయింట్ లింకేజీకి 100 కిలోల కాంక్రీటు దిమ్మె తగిలిస్తే, పైన చెప్పిన 150 కిలోలూ వెనక చక్రాల మీదికి తిరిగొస్తాయి, ముందు ఇరుసుకు 50 తగ్గుతాయి. ఈ పనిలో ఇంత చవకగా దొరికే రక్షణ మరొకటి లేదు.

బకెట్ వెడల్పు మీ పనిని బట్టి ఉండాలి. 150 లీటర్ల బకెట్ నిండా ఇసుకైతే 240 కిలోలు, ఎండిన పశువుల ఎరువైతే అందులో సగం కూడా తూగదు.

"ముందు నాలుగు బోల్టులు బిగిస్తే చాలు" అన్న మేస్త్రీకి పని అప్పగించకండి. ఇలాంటి బళ్లలో చాలావాటికి వేరే ఛాసిస్ ఉండదు. ఇంజను, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్సు కలిసే దాని వెన్నెముక. పోత ఇనుము ఒంగదు, పగులుతుంది. అందుకే రెండు పక్కలా వెనక ఇరుసు హౌసింగ్ దాకా చానల్ వేయించి, లోడర్ భారాన్ని దానిమీద మోపాలి.

"లేవకపోతే రిలీఫ్ వాల్వ్ స్క్రూ ఇంకో రెండు చుట్లు బిగించు." వద్దు, దయచేసి వద్దు. గొట్టం పగలకుండా, పంపు పాడవకుండా, వెల్డింగ్ విడిపోకుండా కాపాడేది ఆ వాల్వే. లేవడం లేదంటే బరువు ఎక్కువైంది, ఆయిల్ తగ్గింది, లేదా పంపు అరిగింది. గేజ్ పెట్టకుండా ఆ స్క్రూ ముట్టుకోవద్దు.

ఇక నాకు భయం పుట్టించే మాట: "ఎక్కడ కారుతోందో వేలు పెట్టి తడిమి చూడు." సన్నటి రంధ్రంలోంచి ఆ ఒత్తిడితో వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే, మొదట నొప్పి కూడా అంతగా ఉండకపోవచ్చు. లోపల మాత్రం కండ చచ్చిపోతూ ఉంటుంది, ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. లీకు వెతకాలంటే అట్టముక్క అడ్డం పెట్టి, చెయ్యి దూరంగా ఉంచి చూడండి. బిగించే ముందు బకెట్ నేలకు దించి, ఇంజను ఆపి, లివర్లు అటూ ఇటూ కదిపి ఒత్తిడి పోనివ్వండి. ఒకవేళ ఆయిల్ లోపలికి పోతే ఇంటి వైద్యం చెయ్యకండి, తెల్లారనిద్దామని ఆగకండి. ఆసుపత్రిలో సూది గుచ్చుకుందని కాకుండా, హైడ్రాలిక్ ఆయిల్ ఒత్తిడితో చర్మం లోపలికి పోయిందని చెప్పి, వెంటనే సర్జన్‌కు చూపించమని అడగండి.