దక్షిణ కరోలినా గవర్నరు గారికి

అయ్యా,

నేను మీ ఓటరును కాను. ఉండేది తెలంగాణలో. కాబట్టి ఈ ఉత్తరాన్ని చదవకుండానే చెత్తబుట్టలో వేయవచ్చు, నేనేమీ అనుకోను.

మీ రాష్ట్ర రాజ్యాంగం ఏడో అధికరణం చదివి కాసేపు నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఏదైనా ప్రాంతం తన కౌంటీ నుంచి విడిపోయి కొత్త కౌంటీ కావాలనుకుంటే, అక్కడి ఓటర్లలో మూడోవంతు మంది గవర్నరుకు అర్జీ పెట్టుకోవాలి. అర్జీ సక్రమంగా ఉంటే మీరు ఎన్నిక జరిపించాల్సిందే. ఓటు విడిపోయే ప్రాంతం వాళ్ళకే. పోలైన ఓట్లలో మూడింట రెండు వంతులు ఔనంటే శాసనసభ కొత్త కౌంటీని ఏర్పాటు చేయాలి. కొత్త కౌంటీ 400 చదరపు మైళ్ళకు తగ్గకూడదనీ, పాత కౌంటీ కోర్టు భవనానికి ఎనిమిది మైళ్ళ లోపు గీత పడకూడదనీ కూడా రాసుకున్నారు. ఎవరి కోర్టు వాళ్ళకు ముద్దు కదా!

మా జిల్లాలు మీ కౌంటీల్లాంటివే, కానీ మా దగ్గర ఇంత తతంగం లేదు. 2016 ఆగస్టులో మా ప్రభుత్వం కొత్త జిల్లాల ముసాయిదా ఇచ్చి, అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. జనగామ, గద్వాల వాళ్ళు బందులతో, రాస్తారోకోలతో చెప్పారు. వాళ్ళకూ జిల్లాలు వచ్చాయి. దసరా నాటికి 10 జిల్లాలు 31 అయ్యాయి. ఓటు మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

మీరెంత ధర్మాత్ములో అనుకుంటూ, ఈ అధికరణం ఎప్పటిదా అని చూశాను. 1895 నాటిది. నల్లజాతి వాళ్ళ ఓటు ఊడబెరకడమే పనిగా మీ మాజీ గవర్నరు బెన్ టిల్‌మన్ గారు దగ్గరుండి రాయించిన రాజ్యాంగం. అప్పట్లో ఓటరుగా నమోదు కావాలంటే అధికారి చూపిన రాజ్యాంగ భాగాన్ని చదివి, రాసి చూపించాలి. లేదా 300 డాలర్ల ఆస్తి ఉండాలి. ఆ అధికారి చూపించింది ఈ ఏడో అధికరణమే అయితే, చదువుకున్న నేనూ తడబడేవాణ్ణే! ఆడవాళ్ళకైతే అసలు ఓటే లేదు.

ఆ మిగిలిన కొద్దిమంది ఓటర్లలోనే మూడోవంతు, వాళ్ళలోనే మూడింట రెండు వంతులు. వాళ్ళ హయాంలోనే డిలన్, జాస్పర్, మెకార్మిక్ కౌంటీలు పుట్టాయి. 1919లో అలెండేల్ వచ్చింది. అక్కడి జనంలో ఎక్కువమంది నల్లజాతి వాళ్ళే. తమ ఊళ్ళు బార్న్‌వెల్, హాంప్టన్ కౌంటీల నుంచి విడిపోవాలో వద్దో చెప్పే భాగ్యం మాత్రం వాళ్ళలో చాలామందికి కలగలేదు. ఆ తర్వాత ఆడవాళ్ళకూ, 1965 నుంచి నల్లజాతి వాళ్ళకూ ఓటు నిజంగా చేతికొచ్చింది. విచిత్రమేమిటంటే, అలెండేల్ తర్వాత మీ రాష్ట్రంలో కొత్త కౌంటీ ఒక్కటీ పుట్టలేదు. లెక్క 46 దగ్గరే ఆగిపోయింది.

నా మనవి చిన్నది. ఆనాడు ఎవరూ అడగని వాళ్ళ మనుమలనూ మనుమరాళ్ళనూ ఒకసారి పిలిచి, ఈ గీతలు మీకు సమ్మతమేనా అని అడగండి. ముందు మూడోవంతు సంతకాలు తెమ్మంటారని తెలుసు. నియమం నియమమే. కానీ మొదటిసారి గీసేటప్పుడు వాళ్ళ తాతముత్తాతల సంతకాలు అక్కర్లేకపోయాయి కదా, అందుకని అడుగుతున్నాను.

ఇట్లు,
మీ గీతల మీదా, మా గీతల మీదా ఓటు లేని
ఒక విధేయుడు